మహబూబ్‌నగర్ పైన, గద్వాల కింద: హెలిక్స్ కడుతున్న డైరీ

జనవరి, సంక్రాంతి సెలవులు: కాగితం మీద

మా మోడల్ రైల్వేకు రెండు డెక్‌లు, అంటే ఒకదాని పైన ఒకటిగా రెండు అంతస్తులు. పైదాని మీద మహబూబ్‌నగర్ స్టేషన్, కిందిదాని మీద గద్వాల. ఈ వరుస ఊరికే పెట్టింది కాదు. మహబూబ్‌నగర్ సముద్రమట్టానికి దాదాపు 500 మీటర్ల ఎత్తున ఉంటే గద్వాల 325 మీటర్ల దగ్గర ఉంటుంది. దేవరకద్ర దాటాక లైను కృష్ణ వైపు దిగుతూ పోతుంది, నది దాటితే గద్వాల. తుంగభద్ర ఎక్స్‌ప్రెస్‌లో కిటికీ పక్కన కూర్చున్నవాళ్ళకు ఆ దిగుడు పెద్దగా తెలియదు, ఇంజిన్‌లో ఉన్నవాళ్ళకు తెలుస్తుంది. మాది హెచ్‌ఓ స్కేలు, అంటే అసలు కొలతలో 87వ వంతు. ఆ 175 మీటర్లను 87తో భాగిస్తే రెండు మీటర్లు. గదిలో అంత ఎత్తుకు చోటు లేదు కాబట్టి నలభై సెంటీమీటర్ల దగ్గర ఆపాను.

ఆ నలభై సెంటీమీటర్లు రైలు ఎక్కాలంటే రెండు శాతం వాలులో ఇరవై మీటర్ల పట్టా కావాలి. గది పన్నెండు అడుగుల వెడల్పు, పద్నాలుగు అడుగుల పొడవు. నాలుగు గోడల వెంట చుట్టి వచ్చినా పదహారు మీటర్లకు మించదు, పైగా లైనంతా వాలే అయితే స్టేషన్ ఎక్కడ పెట్టాలి? అందుకే హెలిక్స్. పట్టాను ఒకే చోట చుట్లు చుట్లుగా తిప్పుతూ, ఒక్కో చుట్టుకు కొంత ఎత్తు ఎక్కించడం. అసలు రైల్వేల్లోనూ ఈ పని జరిగింది. డార్జిలింగ్ దారిలో 1919 నాటి బతాసియా లూప్ ఉంది. స్విట్జర్లాండ్‌లో బ్రూసియో దగ్గర 1908లో రాతి వంతెన మీద లైను తన కిందుగా తానే తిరిగి పోతుంది. ఆ బ్రూసియో వంపు రేడియస్ 70 మీటర్లు. మన స్కేలులో అది 80 సెంటీమీటర్లు.

నాకు దొరికిన చోటులో రేడియస్ 600 మి.మీ. కంటే ఎక్కువ రాదు. పూర్తి గుండ్రంగా పెడితే ఒక్క చుట్టు పొడవు 3770 మి.మీ. చుట్టుకు 90 మి.మీ. ఎక్కితే వాలు 2.4 శాతం. గది పొడుగు వైపు కొంచెం చోటు మిగిలింది కాబట్టి గుండ్రాన్ని మధ్యకు చీల్చి రెండు పక్కలా 300 మి.మీ. చొప్పున తిన్నని ముక్క పెట్టాను. ఇప్పుడు చుట్టు పొడవు 4370, వాలు 2.06 శాతం. నలభై సెంటీమీటర్లకు నాలుగున్నర చుట్లు. రైల్వే భాషలో 48కి 1, అంటే 48 అడుగులు పోతే ఒక అడుగు ఎత్తు. అరవై సెంటీమీటర్ల పట్టా కలిపితే అంత తేడా వచ్చింది. చోటు ఉన్నవాళ్ళు ఎవరైనా సరే, గుండ్రం కన్నా ఈ కోడిగుడ్డు ఆకారమే వేసుకోండి.

ఇక్కడే అసలు లెక్క ఉంది. వాలు 2.06 శాతమే అయినా ఇంజిన్‌కు తగిలే బరువు అంతే కాదు, వంపులో చక్రాలు పట్టాకు ఒరుసుకునే రాపిడి కూడా దానికి తోడవుతుంది. మోడల్ కట్టేవాళ్ళలో ఒక పాత లెక్క ఉంది: హెచ్‌ఓలో 32ను అంగుళాల రేడియస్‌తో భాగిస్తే ఎంత వస్తుందో అంత శాతం వాలు అదనంగా ఉన్నట్టు. 600 మి.మీ. అంటే 23.6 అంగుళాలు, అంటే 1.36 శాతం. ఈ లెక్క మీద నాకు నమ్మకం కుదరక మన రైల్వే పద్ధతిలో వేసి చూశాను. బ్రాడ్ గేజ్‌లో వంపు ఒక్కో డిగ్రీకి 0.04 శాతం చొప్పున వాలు తగ్గించాలని నియమం. డిగ్రీ కావాలంటే 1750ని మీటర్ల రేడియస్‌తో భాగించాలి. నా 600 మి.మీ. అసలు కొలతలో 52.2 మీటర్లు, అంటే 33.5 డిగ్రీల వంపు. 33.5ను 0.04తో గుణిస్తే 1.34 శాతం.

1.36, 1.34. ఒకటి ఆటబొమ్మల లెక్క, ఇంకొకటి లక్షల టన్నులు లాగే రైల్వే లెక్క. రెండూ ఒకే చోటికి వచ్చాయి. ఆ కాగితాన్ని గది గోడకు అంటించాను.

మొత్తం కలిపితే వంపులో ఇంజిన్‌కు తగిలేది 3.4 శాతం, అంటే 29కి 1. ముంబై, పుణె మధ్య భోర్ ఘాట్‌లో వాలు 37కి 1, అక్కడ రైలు వెనుక బ్యాంకర్ ఇంజిన్లు పెట్టి తోస్తారు. మన బ్రాడ్ గేజ్‌లో అన్నిటికన్నా ముడుచుకున్న వంపుకు 175 మీటర్ల రేడియస్ ఉండాలి, హెచ్‌ఓలో అది రెండు మీటర్లు. నా వంపు దానికన్నా మూడింతలు పైగా ముడుచుకుంది. కాబట్టి ఈ ప్రాజెక్టులో మిగతా పనంతా ఆ 3.4 శాతాన్ని గుర్తుపెట్టుకునే చేయాలి.

ఇంకో రెండు కొలతలు కూడా ఇక్కడే రాసుకుంటున్నాను. చెన్నై ఐసీఎఫ్ ఫ్యాక్టరీ పెట్టె పొడవు 21.3 మీటర్లు, దాని కింద రెండు కొసలా ఉండే చక్రాల చట్రాల (బోగీల) నడుముల మధ్య దూరం 14.8 మీటర్లు. స్కేలులో 245, 170 మి.మీ. 600 రేడియస్ వంపులో పెట్టె నడుము లోపలికి 6 మి.మీ. జరుగుతుంది, కొసలు బయటికి ఆరున్నర మి.మీ. పొడుస్తాయి. పెట్టె సగం వెడల్పు 19 మి.మీ. దానికి కలిపితే పట్టా నడుమ నుంచి ఇరుపక్కలా 26 మి.మీ. ఖాళీగా ఉండాలి. నేను 32 ఉంచుతున్నాను.

ఫిబ్రవరి మొదట్లో: ప్లైవుడ్

పట్టా కింద బల్లకు 12 మి.మీ. ప్లై ఒకటే వాడొచ్చు. కానీ ముక్కలు కలిసే ప్రతి చోటా కింద పట్టీ కొట్టాలి, ఆ పట్టీ కింది చుట్టు రైలు నెత్తికి తగులుతుంది. అందుకే 6 మి.మీ. ప్లై రెండు పొరలు, పై పొర అతుకు కింది పొర అతుకు మీద పడకుండా. అతుకులన్నీ జిగురుతోనే నిలబడతాయి, పట్టీ అక్కర్లేదు.

కింది పొర సులువు: పావు వృత్తం ముక్కలు, మధ్యలో 300 మి.మీ. తిన్నని ముక్కలు. పై పొరకు వేరే ఆకారం కావాలి. తిన్నని ముక్క వంపులో కలిసే చోట కింద అతుకు ఉంది కాబట్టి పైన అక్కడ అతుకు ఉండకూడదు. 150 మి.మీ. తిన్నగా పోయి, తర్వాత 45 డిగ్రీలు వంగే ముక్క గీశాను. చేతికర్ర పిడిలాగా ఉంటుంది. దాన్ని అటూ ఇటూ తిప్పి, మధ్యలో ఒక పావు వృత్తం పెడితే సగం చుట్టు పూర్తవుతుంది.

ముక్కల వెడల్పు 100 మి.మీ. లోపలి అంచు 550, బయటి అంచు 650 రేడియస్. ఇవన్నీ ఒక్కొక్కటి ట్రామెల్ కర్రతో (మేకు చుట్టూ తిప్పి వృత్తంగా కోసే కర్ర) కోద్దామని అనుకున్నా, మా వీధి వడ్ల మేస్త్రి ఒప్పుకోలేదు.

"సారూ, ఒక్క ముక్క మంచిగ చేద్దాం. మిగతయన్ని దాన్ని చూసి నకలు కొడ్దాం. ఒక్కొక్కటి కొలుస్తూ పోతే ఒక్కటి గూడ ఒక్క తీరుగ రాదు."

ఆయన మాటే నిజం. 12 మి.మీ. ప్లైలో రెండు నమూనాలు మాత్రం ట్రామెల్‌తో కోశాం. 6 మి.మీ. బిట్టు కాబట్టి మేకు నుంచి బిట్టు నడుము దాకా బయటి అంచుకు 653, లోపలి అంచుకు 547 పెట్టాలి. బిట్టు సగం మందం కలపకపోతే ముక్క 6 మి.మీ. సన్నమవుతుంది. తర్వాత అసలు ముక్కల్ని జిగ్‌సాతో గీతకు కొంచెం బయటగా కోసి, నమూనాకు బిగించి, కొసన బేరింగ్ ఉన్న బిట్టుతో ట్రిమ్మర్ (చెక్క అంచులు కోసే చేతి మెషీన్) నడిపితే చాలు. బేరింగ్ నమూనా అంచు వెంట దొర్లుతుంది, బిట్టు అదే ఆకారం కోస్తుంది. చేయి వణికినా ముక్క చెడదు.

షీటు మీద ముక్కలు అమర్చడంలో మేస్త్రి చూపిన పొదుపు ఇంకా బాగుంది. పావు వృత్తాలను ఒకదాని ఒడిలో ఒకటి పడేలా గీస్తే ఒక్కొక్కటి షీటు పొడవులో 145 మి.మీ. మాత్రమే తింటుంది. వెడల్పులో వాటికి 919 మి.మీ. పోగా, నాలుగడుగుల షీటులో పక్కన 300 మి.మీ. పైచిలుకు పట్టీ మిగులుతుంది. తిన్నని ముక్కలన్నీ ఆ పట్టీలోంచే వచ్చాయి. మూడు షీట్లతో నాలుగున్నర చుట్లకూ సరిపోయింది.

ఒక్క జాగ్రత్త. 6 మి.మీ. అని అమ్మిన షీటును వెర్నియర్‌తో కొలిస్తే 5.4 వచ్చింది. రెండు పొరలు కలిపితే 11 కూడా లేదు. మా క్లియరెన్స్‌కు అది మేలే, కానీ అతుకుల దగ్గర వేర్వేరు షీట్ల ముక్కలు కలిస్తే అర మి.మీ. మెట్టు వస్తుంది. అందుకని ఒక్కో షీటు ముక్కల మీద పెన్సిల్‌తో ఒక్కో గుర్తు పెట్టి, ఒక చుట్టుకు ఒకే షీటు వాడుతున్నాం.

ఫెవికాల్ రాసి, క్లాంపులు వేసి ఒక రాత్రి వదిలేస్తున్నాం. ఆరాక అన్ని పక్కలా రెండు కోట్లు ప్రైమర్. అంచులకు తప్పకుండా వేయాలి, వానాకాలం తేమ లోపలికి పోయేది అక్కణ్ణుంచే.

ఫిబ్రవరి చివర: రాడ్లు, నట్లు

హెలిక్స్ చుట్లను నిలబెట్టడానికి చెక్క దిమ్మెలు పెట్టేవాళ్ళున్నారు. నాకు థ్రెడ్ రాడ్లు నచ్చాయి, ఎందుకంటే తర్వాత ఎప్పుడైనా ఎత్తు సరిచేసుకోవచ్చు. క్లాక్ టవర్ దగ్గరి హార్డ్‌వేర్ దుకాణంలో 8 మి.మీ. థ్రెడ్ రాడ్ మీటరు పొడవున దొరుకుతుంది. సగానికి కోస్తే అర మీటరు, మాకు అంతే కావాలి.

చుట్టు పొడవునా సమాన దూరంలో పన్నెండు చోట్ల, లోపల ఒకటి, బయట ఒకటి చొప్పున రాడ్లు. దూరం 364 మి.మీ. పన్నెండే ఎందుకంటే ఆ లెక్క చాలా అందంగా కుదురుతుంది. చుట్టుకు 90 మి.మీ. ఎక్కాలి, పన్నెండుతో భాగిస్తే ఒక్కో రాడ్డు దగ్గర 7.5 మి.మీ. 8 మి.మీ. రాడ్డు మరకు పిచ్ 1.25 మి.మీ., అంటే నట్టు ఒక్కసారి తిరిగితే అంత పైకి పోతుంది. 7.5ను 1.25తో భాగిస్తే ఆరు. పక్క రాడ్డు కన్నా ఈ రాడ్డు మీద నట్టు సరిగ్గా ఆరు తిప్పులు ఎక్కువ. కొలబద్ద కూడా అక్కర్లేదు, వేళ్ళతో లెక్కపెట్టుకుంటూ పోవడమే. పావు తిప్పు తిప్పితే 0.3 మి.మీ. కదులుతుంది. అంత సన్నంగా సరిచేసుకునే వీలు దిమ్మెలతో ఎన్నటికీ రాదు.

మొదటి రాడ్డు దగ్గర మాత్రం ఆరు కాదు, మూడు తిప్పులే. చివర కూడా మూడే. సమతలం నుంచి ఒక్కసారిగా రెండు శాతం వాలుకు పోతే అక్కడ ఇంజిన్ ముందు చక్రాలు గాల్లో తేలుతాయి, పొడుగు పెట్టెల కప్లింగులు పైకీ కిందికీ జారి ఊడిపోతాయి. మూడు తిప్పులతో మొదటి 364 మి.మీ. ఒక శాతం వాలే ఉంటుంది, ప్లై తనంతట తానే మెత్తగా వంగుతుంది. ఈ రెండు చోట్లా కలిపి 7.5 మి.మీ. తగ్గుతుంది కాబట్టి మొత్తం ఎత్తు 405 కాదు, 397.5. పై డెక్ బ్రాకెట్లు ఆ ఎత్తుకే పెట్టాలి.

అర మీటరు రాడ్డు మీద నట్టును చేత్తో తిప్పుతూ కిందిదాకా దించాలంటే వేళ్ళు వాస్తాయి. రాడ్డును డ్రిల్ చక్‌లో బిగించి, నట్టును స్పానర్‌తో కదలకుండా పట్టుకుని డ్రిల్ నెమ్మదిగా తిప్పితే చప్పున దిగిపోతుంది. రెండు వందలు దాటిన నట్లు ఉన్న పనికి ఇది తప్పనిసరి.

చుట్టుకూ చుట్టుకూ మధ్య 90 మి.మీ. అందులో ప్లై 11, పట్టా 5 పోతే 74 మిగులుతుంది. మన పెట్టెలకు రైల్వే అనుమతించే గరిష్ఠ ఎత్తు 4.265 మీటర్లు, స్కేలులో 49 మి.మీ. చోటు చాలు. కరెంటు తీగ ఎత్తు దాదాపు 5.5 మీటర్లు, అంటే 63 మి.మీ. లోపల తీగ లాగడం లేదు కానీ ఎలక్ట్రిక్ ఇంజిన్ నెత్తిన తీగను తాకే చట్రం (పాంటోగ్రాఫ్) లేచి ఉన్నా పై ప్లైకి తగలదు. అది కూడా చూసుకున్నాకే 90 ఖాయం చేశాను.

74 మి.మీ. సందులో చేయి దూరుతుంది, పిడికిలి తిరగదు. అందుకే ఒక నిర్ణయం తీసుకున్నాను: ఒక చుట్టు ప్లై ఎక్కించి, దాని మీద పట్టా, వైరు, పరుగు పరీక్ష అన్నీ పూర్తయ్యాకే పై చుట్టు. స్టేషన్‌లో పట్టా వంకరపోతే అందరూ చూస్తారు, వెంటనే బాగు చేసుకుంటాం. హెలిక్స్‌ను చివరికి గుట్టతో కప్పేస్తాం. ఆ గుట్ట కింద దాగిన పట్టా వంకరపోతే ప్రతి రైలూ అక్కడే పడుతుంది, చేయి అందదు. ఎవరికీ కనపడని పట్టాయే అన్నిటికన్నా నిక్కచ్చిగా ఉండాలి.

మార్చి: పట్టా, సందులు, చిన్నాయన

చిన్నాయన దేవరకద్ర సెక్షన్‌లో కీమాన్‌గా చేసి రిటైరయ్యాడు. భుజాన స్పానరు, సుత్తి వేసుకుని పట్టాల వెంట నడిచిన మనిషి. నేను ఫ్లెక్స్ ట్రాక్ (కావలసినట్టు వంచుకునే మోడల్ పట్టా) ముక్కలు పరిచి పెట్టుకున్నానని తెలిసి చూడ్డానికి వచ్చాడు. చేతిలోకి ఒక ముక్క తీసుకుని, వంచి చూసి, మొదట అడిగిన మాట:

"సందు ఎంత ఇస్తున్నవ్?"

చెప్పాను, అతుకులన్నీ సోల్డర్ చేయాలని అనుకుంటున్నానని. చిన్నాయన తల అడ్డంగా ఊపాడు.

"గట్ల జేయకు బిడ్డా. మీ గది పైన స్లాబే గద? ఏప్రిల్, మే వస్తె పట్టా పెరుగుతది. దానికి జాగ ఇయ్యకుంటె పక్కకు గుంజుకుంటది. మేము ఎండకాలం మధ్యాహ్నం పూట పట్టా ఎంట తిరిగేదే అందుకు."

ఆయన చెప్పింది అంకెల్లో పెడితే ఇలా ఉంటుంది. అసలు ఉక్కు పట్టా 13 మీటర్ల ముక్క ఒక్క డిగ్రీ వేడికి 0.15 మి.మీ. పెరుగుతుంది. నలభై డిగ్రీల తేడాకు 6 మి.మీ. అందుకే పట్టాలను కలిపే ఫిష్‌ప్లేట్ల దగ్గర సందు. మోడల్ పట్టా నికెల్ సిల్వర్, ఉక్కు కన్నా ఎక్కువ పెరుగుతుంది: మీటరుకు డిగ్రీకి సుమారు 0.017 మి.మీ. హెలిక్స్‌లో నా పట్టా దాదాపు 19.7 మీటర్లు. చలికాలం పొద్దునకూ మే నెల మధ్యాహ్నానికీ గదిలో పాతిక డిగ్రీల తేడా ఉంటుంది. లెక్క కడితే ఎనిమిది మి.మీ. పైన. అంతా ఒకటే ముక్కగా సోల్డర్ చేస్తే ఆ ఎనిమిది మి.మీ. ఎక్కడో ఒక చోట వంకరగా బయటపడుతుంది, అదీ చేయి అందని చుట్టులో.

అలాగని ప్రతి అతుకూ వదులుగా వదిలితే ఇంకో ఇబ్బంది. ఫ్లెక్స్ ట్రాక్ స్ప్రింగులా తిన్నగా అవ్వాలని చూస్తుంది, వంపులో వదులు జాయినర్ (రెండు పట్టా కొసల్ని కలిపే లోహపు తొడుగు) దగ్గర కోణం పడుతుంది. రెంటికీ మధ్య దారి ఇది. 914 మి.మీ. ముక్కలు రెండింటిని బల్ల మీద తిన్నగా ఉండగానే కలిపి సోల్డర్ చేయడం, ఆ జంటను ఒక్కటిగా వంచడం. జంటకూ జంటకూ మధ్య మాత్రం సోల్డర్ లేని సందు, వీలైనంత వరకు తిన్నని ముక్కల మీద పడేలా. తిన్నని చోట వదులు జాయినర్ ఏ కోణమూ చేయదు. కోడిగుడ్డు ఆకారం వల్ల కలిగిన రెండో లాభం ఇది.

సోల్డర్ చేసే ముందు అతుకు దగ్గర రెండు స్లీపర్లు తీసేయాలి, లేకపోతే ప్లాస్టిక్ కరుగుతుంది. తర్వాత వాటిని కిందినుంచి దూర్చొచ్చు. సోల్డర్ పట్టా బయటి పక్కే పెట్టాలి, లోపలి పక్క చక్రం అంచు నడిచే చోటు. ఆ తర్వాత జాయినర్ మీద వేలుగోరు నడిపి చూస్తాను. గోరు ఎక్కడా ఆగకూడదు. ఆగితే సన్న ఆకురాయితో రెండు రుద్దులు.

జంటను వంచితే లోపలి పట్టా కొస బయటికి పొడుచుకొస్తుంది. మొత్తం వంపులోనే పడితే 50 మి.మీ. దాకా వస్తుంది. గేజ్, అంటే రెండు పట్టాల మధ్య దూరం, 16.5 మి.మీ., వంపు దాదాపు సగం వృత్తం, లెక్క సరిపోతుంది. దాన్ని రైల్ కట్టర్‌తో కత్తిరించి, కొసకు ఆకురాయి పట్టి, తర్వాతే కలపాలి.

సందు కొలతకు చిన్నాయన తన పద్ధతే చెప్పాడు. అసలు పట్టాకు లోహపు లైనర్ ముక్క మధ్యలో పెట్టి బిగిస్తారు, తర్వాత తీసేస్తారు. మా దగ్గర ఆ పని హాక్‌సా బ్లేడు చేసింది. దాని మందం 0.6 మి.మీ. పైచిలుకు. పట్టా వేసిన రోజు గదిలో 30 డిగ్రీలు. మే నెలలో 42కు పోతే జంట 0.4 మి.మీ. కన్నా తక్కువే పెరుగుతుంది, కాబట్టి బ్లేడు మందం సందు సరిగ్గా చాలు. చలికాలంలో ఒక మి.మీ. దాకా తెరుచుకుంటుంది, చక్రానికి అది ఒక చిన్న చప్పుడు మాత్రమే.

పట్టాను మేకులతో కొట్టలేదు. అక్రిలిక్ సీలెంట్ పల్చగా పరిచి, పట్టా నొక్కి, ఆరేదాకా పిన్నులు గుచ్చాం. సీలెంట్ ఆరినా రబ్బరులా ఉంటుంది, పట్టా పెరిగినప్పుడు కొంచెం జరగనిస్తుంది. వంపులో కాంట్, అంటే బయటి పట్టాకు అదనపు ఎత్తు, ఏమీ ఇవ్వలేదు. అసలు లైనులో బయటి పట్టా ఎత్తుగా ఉండేది వేగానికి. ఇక్కడ వేగం లేదు, పైగా పొడుగు రైలు ఎక్కేటప్పుడు ముందు ఇంజిన్, వెనుక బరువు కలిసి మధ్య పెట్టెల్ని లోపలికి గుంజుతాయి. బయటి పట్టా ఎత్తితే ఆ పడిపోవడానికి మనమే సాయం చేసినట్టు.

ఉగాదికి ముందు: వైరింగ్

క్లుప్తంగా. ఇళ్ళలో వాడే 1.5 చదరపు మి.మీ. వైరు, ఎరుపు ఒకటి, నలుపు ఒకటి, రాడ్ల వెంట పై దాకా. ప్రతి జంటకూ దాన్నుంచి సన్న వైర్లు. సందుల దగ్గర కరెంటు కోసం జాయినర్ మీద ఆధారపడకూడదు, దుమ్ము పడితే అది మొదట మానేసే పని అదే. వైర్లు కలిపాక ప్రతి జంట మీదా రెండు పట్టాలకు అడ్డంగా ఐదు రూపాయల బిళ్ళ పెట్టి చూశాం. పట్టాకు కరెంటు ఇచ్చే డీసీసీ బూస్టర్ వెంటనే ట్రిప్ కావాలి. ఎక్కడైనా ట్రిప్ కాకుండా బిళ్ళ వేడెక్కుతుంటే అక్కడ వైరు సన్నమో, అతుకు బలహీనమో అన్నమాట. అన్ని చోట్లా ట్రిప్ అయింది.

లోపలా బయటా అంచులకు 30 మి.మీ. ఎత్తు సన్‌మైకా పట్టీలు అంటించాం. పై చుట్టు నేల నుంచి నాలుగడుగుల పైన ఉంటుంది, అక్కణ్ణుంచి ఇంజిన్ కింద పడితే మిగలదు.

ఏప్రిల్: ఎన్ని పెట్టెలు?

హెలిక్స్ నడిమధ్యలో నిలబడటానికి 1100 మి.మీ. వెడల్పు ఖాళీ ఉంది. కింది డెక్ కిందుగా వంగి లోపలికి పోతే చుట్టూ రైలు తిరుగుతూ పైకి పోవడం చూడొచ్చు. చిన్నాయన మోకాళ్ళ నొప్పులున్నా సరే అని వంగి లోపలికి వచ్చాడు, ఒంటి ఇంజిన్ మొదటిసారి ఎక్కుతుంటే. స్కేలు ప్రకారం గంటకు 40 కిలోమీటర్ల వేగంతో పైకి చేరడానికి రెండున్నర నిమిషాలు పట్టింది. అసలు గద్వాల నుంచి మహబూబ్‌నగర్ గంట దాటిన ప్రయాణం. ఈ రెండున్నర నిమిషాలు రైలు కనపడకపోవడమే ఆ దూరానికి గుర్తు, అందుకే వేగం పెంచను.

ఇక లాగుడు. ఇంజిన్ బరువు 420 గ్రాములు. అది ఎంత లాగగలదో ఇలా కొలిచాం: వంటింటి డిజిటల్ తక్కెడ మీద బరువు పెట్టి, దానికి దారం కట్టి, కప్పీ మీదుగా తెచ్చి ఇంజిన్ కప్లింగ్‌కు తగిలించాం. ఇంజిన్ లాగుతుంటే తక్కెడ మీద అంకె తగ్గుతుంది. చక్రాలు జారే ముందు తగ్గింది 95 గ్రాములు. వంపు, వాలు కలిసిన 3.4 శాతంలో ఇంజిన్ తనను తాను మోసుకోవడానికే 14 గ్రాములు పోతాయి. పెట్టెలకు మిగిలేది 81.

పెట్టె ఒక్కటి 160 గ్రాములు. అది ఎంత తేలిగ్గా దొర్లుతుందో చూడటానికి మీటరు పొడవు చెక్క మీద పట్టా వేసి ఒక కొస మెల్లగా లేపాం. 25 మి.మీ. లేచాక కదిలింది, అంటే 2.5 శాతం దాని సొంత రాపిడి. వాలు, వంపు, రాపిడి అన్నీ కలిపితే ఒక్కో పెట్టెకు తొమ్మిది గ్రాముల పైన. లెక్క ప్రకారం ఎనిమిది పెట్టెలు. కట్టి చూస్తే ఎనిమిది ఎక్కాయి, తొమ్మిదోది కలిపితే మూడో చుట్టులో చక్రాలు తిరుగుతూ రైలు నిలబడిపోయింది.

నాకు తుంగభద్ర పది పెట్టెలతో కావాలి. దారులు మూడు: ఇంజిన్‌లో సీసం నింపడం, వెనుక బ్యాంకర్ పెట్టడం, పెట్టెల రాపిడి తగ్గించడం. వాలునూ వంపునూ ఇక మార్చలేను, ఆ 3.4 శాతం ప్లైవుడ్‌లో కోసేసి ఉంది. కానీ 2.5 శాతం మాత్రం పెట్టెలదే. ప్లాస్టిక్ చక్రాలు తీసేసి లోహపు చక్రాలు వేశాం. ఇరుసు కొసలు తిరిగే గుంటల్లో చేరిన ప్లాస్టిక్ పొడి తుడిచాం. మళ్ళీ చెక్క లేపితే 15 మి.మీ. దగ్గరే దొర్లింది. ఒక శాతం తగ్గింది. కాగితం మీద ఇప్పుడు పది పెట్టెలు రావాలి.

పది పెట్టెలూ ఎక్కాయి. నాలుగున్నర చుట్లు, ఎక్కడా జారకుండా. చిన్నాయన రైలు వెంట కళ్ళు తిప్పుతూ, ప్రతి సందు దగ్గరా చప్పుడు విన్నాడు. "మంచిగ కొడుతుంది," అన్నాడు. అతుకు మీద చక్రం మోగిన తీరును బట్టే పట్టా బాగుందో లేదో చెప్పే అలవాటు ఆయనది.

దిగేటప్పుడు ఇంకో సంగతి గమనించాం. వెనుక బరువు తోస్తుంటే ఇంజిన్ కొంచెం కుదుపుగా దిగుతుంది. మోటారు నుంచి చక్రాలకు పోయే వర్మ్ గేర్‌లో ఉన్న చిన్న ఖాళీ అటూ ఇటూ తగులుకోవడం వల్ల. వర్మ్ ఇరుసు కొసలకు సన్న వాషర్లు వేస్తే తగ్గుతుంది, అది వచ్చే వారం పని.

మే: ఎండలో

మధ్యాహ్నం రెండు గంటలకు గదిలో 41 డిగ్రీలు. టార్చి పట్టుకుని మధ్యలో నిలబడి ప్రతి సందూ చూశాను. దాదాపు అన్నీ దగ్గరపడ్డాయి, ఒక్కటీ పూర్తిగా మూసుకోలేదు. పట్టా ఎక్కడా పక్కకు జరగలేదు. ఇదే చిన్నాయనకు ఫోన్ చేసి చెప్పాను. "సాయంత్రం గూడ చూడు," అన్నాడు, "వేడి దిగినంక యథాస్థితికి వచ్చిందా లేదా." చూశాను, వచ్చింది.

ప్రతి చుట్టుకూ ఒక ఇన్‌ఫ్రారెడ్ సెన్సర్ పెట్టి, కంట్రోల్ ప్యానెల్ మీద ఐదు లైట్లు వెలిగేలా ఆర్డువినో (చిన్న కంట్రోలర్ బోర్డు) కలిపాను. గుట్ట కప్పాక రైలు ఎక్కడుందో తెలియడానికి.

ఇప్పుడు పై డెక్. బ్రాకెట్లు 397.5 మి.మీ. ఎత్తున బిగించాం. పెట్టెలు ఇంత తేలిగ్గా దొర్లుతున్నాయి కాబట్టి మహబూబ్‌నగర్ యార్డులో వాలు గురించి ముందుకన్నా ఎక్కువ జాగ్రత్త పడాలి, ఫ్యాను గాలికి కూడా ఒంటి పెట్టె కదిలిపోతుంది. మన రైల్వేలో స్టేషన్ యార్డుకు 1200కి 1 కన్నా ఎక్కువ వాలు వద్దంటారు. నా యార్డు పొడవు మూడు మీటర్లు, కాబట్టి ఈ కొసకూ ఆ కొసకూ 2.5 మి.మీ. కన్నా తేడా రాకూడదు. బ్రాకెట్లకూ అవే 8 మి.మీ. రాడ్లు వేశాను. 2.5 మి.మీ. అంటే నట్టు రెండు తిప్పులు.